రియాద్‌లో ఉండిపోనా, కాకినాడ వెళ్ళిపోనా?

ఈ వారం ఉత్తరం రియాద్ నుంచి వచ్చింది. రాసినావిడ వయసు 34. పేరు వెయ్యొద్దన్నారు. కాకినాడలో తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేశారు. భర్త ఆరేళ్ళుగా రియాద్‌లో సైట్ ఇంజినీరు. ఏడాదికో నెల సెలవు మీద వచ్చి వెళ్ళేవారు. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి నాలుగు. పిల్లలు నాన్న లేకుండా పెరుగుతున్నారని ఈ మార్చి నెలాఖరులో ఫ్యామిలీ వీసా తీసి ముగ్గురినీ తీసుకెళ్ళారు. ఆవిడ సెప్టెంబరు చివర్లో రాసిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి ముఖ్యమైన భాగాలే ఇస్తున్నాను.

"వచ్చి ఆరు నెలలైంది. నేను ఒంటరిగా వీధిలోకి వెళ్ళింది నాలుగుసార్లు. నాలుగుసార్లూ మా బిల్డింగు కిందున్న బకాలాకే, అదే చిన్న కిరాణా కొట్టుకే. మా కిటికీలకి బయటివాళ్ళకి కనపడకుండా తెల్లటి స్టిక్కరు అంటించి ఉంది. పగలో రాత్రో తెలుస్తుంది గానీ బయట ఏముందో తెలియదు. వంటింటి కిటికీలో ఒక మూల స్టిక్కరు కాస్త ఊడింది. అక్కణ్ణుంచి మెట్రో స్టేషన్ కనిపిస్తుంది. రోజూ చూస్తాను, ఒక్కసారీ ఎక్కలేదు. కాకినాడలో గ్యాస్ బుకింగు దగ్గర్నుంచి బ్యాంకు పని దాకా అన్నీ నేనే చూసుకునేదాన్ని. ఇక్కడ నిమ్మకాయలు కావాలన్నా ఆయన వచ్చేదాకా ఆగాలి. మొన్న హ్యాండ్‌బ్యాగు సర్దుతుంటే అడుగున నా స్కూటీ తాళంచెవి కనపడింది. అత్తగారికి ఇచ్చి రావడం మర్చిపోయాను. దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

"పాప బాగా మాట్లాడే పిల్ల. ఇక్కడ స్కూలు నుంచి వచ్చి డైనింగ్ టేబుల్ కింద ట్యాబ్ పట్టుకుని కూర్చుంటుంది. దాని చేతి గడియారం ఇప్పటికీ ఇండియా టైమే చూపిస్తుంది. మార్చనివ్వదు. బాబు మాత్రం పక్క ఫ్లాటు పిల్లలతో హిందీ కూడా మాట్లాడేస్తున్నాడు.

"పోయిన నెల మావారి ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే మా అకామా (ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) ఫీజు కట్టిన మెసేజ్ చూశాను. మా ముగ్గురికీ నెలకి మనిషికి 400 రియాళ్ళ చొప్పున కడుతున్నారట. నాకు ఒక్క మాట చెప్పలేదు. అడిగితే 'నీకెందుకు ఆ టెన్షన్' అన్నారు. ఇంత ఖర్చు పెట్టించి నేను ఇంట్లో ఏడుస్తూ కూర్చున్నానా అనిపించి ఆ రోజు నుంచి ఏదీ కొనమని అడగట్లేదు. అక్కడ అత్తగారు ఒక్కరే ఉన్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ 'ఎప్పుడొస్తారు' అంటారు. ఆయన్ని అడిగితే 'నీ ఇష్టం, వెళ్ళాలంటే వెళ్ళు' అంటారు. పిల్లల్ని తీసుకుని వచ్చేయనా? ఇక్కడే అలవాటు పడాలా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉండాలా, వెళ్ళాలా అని అడిగారు. ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. అయితే దాని కింద ఇంకో మూడు నాలుగు విషయాలు చిక్కుపడి ఉన్నాయి. వాటిని విడదీయకుండా జవాబు చెబితే, మీరు కాకినాడ వచ్చినా అవి మీ వెంటే వస్తాయి.

ముందుగా నెలల సంగతి చూద్దాం. మీరు వెళ్ళింది మార్చి చివర్లో, రాసింది సెప్టెంబరులో. అంటే ఇప్పటిదాకా మీరు చూసింది రియాద్ ఎండాకాలం ఒక్కటే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పనులు చేయించకూడదని అక్కడి ప్రభుత్వమే నిషేధం పెడుతుంది. మీవారు సైట్ ఇంజినీరు కాబట్టి ఆయనకి బాగా తెలుసు. కూలి పని చేసేవాళ్ళనే నీడకి పంపే ఆ నెలల్లో, కొత్త ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని మీరు బయట తిరగలేకపోయారంటే అది మీ చేతకానితనం కాదు.

పైగా మీది సముద్రపు ఊరు. చెమట పట్టే ఎండ మీకు తెలుసు. రియాద్‌లో చెమట పట్టినట్టే ఉండదు, పట్టేలోపే ఆరిపోతుంది. దాహం తెలియకుండానే ఒంట్లో నీళ్ళు తగ్గిపోతాయి, తలనొప్పి, నీరసం, చిరాకు వస్తాయి. మీరు రాసిన "ఊరికే ఏడుపు రావడం"లో దీని వాటా కూడా కొంత ఉండొచ్చు. ఎండ దేశంలో ఉండి ఒంటికి ఎండ తగలక విటమిన్ డి తగ్గిపోవడం గల్ఫ్‌లో ఆడవాళ్ళకి చాలా మామూలు. మీకు ఇన్సూరెన్స్ ఉంటుంది కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. దిగులంతా మందుబిళ్ళతో పోతుందని నేననడం లేదు, శరీరం వైపు నుంచి వచ్చే భాగాన్ని మాత్రం ముందు తీసేయొచ్చు. వచ్చే వేసవికి ఉంటే ఇంకో చిన్న ఉపాయం. మేడ మీద ట్యాంకు కాలిపోయి కుళాయిలో సలసల నీళ్ళొచ్చే రోజుల్లో గీజరు ఆపేసి, వేడినీళ్ళ వైపు కుళాయి తిప్పండి. ఇంట్లో నీడన ఉన్న గీజరు నీళ్ళే చల్లగా వస్తాయి. అక్కడ ఏళ్ళ తరబడి ఉన్న ఇళ్ళల్లో చాలామంది చేసేది ఇదే.

ఇప్పుడు తాళంచెవి సంగతి. ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది అదే. ఆరేళ్ళు మీరు ఒక్కరే ఇల్లు నడిపారు. స్కూలు, పిల్లలు, అత్తగారి బీపీ మందులు, కరెంటు బిల్లు అన్నీ మీ చేతి మీదుగా నడిచాయి. మీ ఊళ్ళో మీకో పేరు, మీ స్కూల్లో మీకో కుర్చీ ఉండేవి. విమానం దిగిన రోజు నుంచి అవన్నీ పోయాయి. ఫోన్ నంబరు కూడా ఆయన అకామా మీదే తీసుకుని ఉంటారు. ఇన్నేళ్ళు నడిపిన మనిషికి ఒక్కసారిగా కూర్చోవడం ఎంత కష్టమో బయటివాళ్ళకి కనపడదు. "ఏసీలో హాయిగా ఉంది కదా" అనేస్తారు.

మీవారి వైపు కూడా ఒక మాట చెప్పనివ్వండి. ఆయన ఆరేళ్ళు నలుగురైదుగురు మగవాళ్ళతో ఒక రూములో ఉన్నారని రాశారు. వంతులవారీగా వంట, శుక్రవారం పొద్దున క్రికెట్, జీతం రాగానే ఇంటికి డబ్బు పంపడం, అదే ఆయన సంసారం. అది ఆయనకీ పోయింది. రోజూ సాయంత్రం భార్యాపిల్లలున్న ఇంటికి రావడం ఆయనకీ కొత్తే. నెల రోజుల సెలవులో వచ్చిన భర్తకి అందరూ అన్నీ అమర్చిపెడతారు, కష్టం చెప్పరు. ఇప్పుడు మీరు కన్నీళ్ళతో ఎదురొస్తే ఏం చెయ్యాలో తెలియక "నీ ఇష్టం" అంటున్నారేమో. నిజంగా మీ ఇష్టానికి వదిలేసినట్టు నాకు అనిపించలేదు. వెళ్ళిపోతారేమోననే భయం అలా మాటగా బయటికొచ్చినట్టు అనిపించింది. నా ఊహ తప్పు కావచ్చు, ఆయన్నే అడగండి.

డబ్బు విషయం దాచడం మాత్రం నాకు నచ్చలేదు. దాచడం వల్ల మీరు ఆ ఫీజుని మీ తప్పుగా మోస్తున్నారు. లెక్కల టీచరు కదా, ఒక కాగితం తీసుకోండి. డిపెండెంట్ ఫీజు, అంటే వెంట ఉండే కుటుంబసభ్యుల మీద కట్టే ఆ ఫీజు, 2017 జూలైలో మనిషికి నెలకి 100 రియాళ్ళతో మొదలై, ఏటా పెరిగి 2020 నాటికి 400 అయింది. మీ ముగ్గురికీ నెలకి 1,200, ఏడాదికి 14,400 రియాళ్ళు, మన డబ్బుల్లో మూడు లక్షల పైమాటే. అది చిన్న మొత్తమేమీ కాదు. ఆ ఫీజు మొదలయ్యాక చాలామంది కుటుంబాల్ని వెనక్కి పంపేశారు. అది తెలిసే మీవారు మిమ్మల్ని పిలిపించుకున్నారు. ఆరేళ్ళు లెక్కలేసుకుని, పిల్లలు కళ్ళ ముందు ఉండటానికి ఇంత ఇవ్వొచ్చు అనుకున్న మనిషి ఆయన. మీరు నిమ్మకాయలు అడగడం మానేస్తే ఆ డబ్బు వెనక్కి రాదు, ఆయన కోరికా తీరదు.

అదే కాగితం మీద ఇంకో గడిలో మీరు కాకినాడలో ఉంటే అయ్యే ఖర్చు రాయండి. అక్కడి ఇంటి ఖర్చు, స్కూలు ఫీజులు, ఆయన రూము అద్దె, ఏటా రాకపోకల టికెట్లు. మీరు మళ్ళీ ఉద్యోగం చేస్తే వచ్చే జీతం కూడా వెయ్యండి. ఒక శుక్రవారం మధ్యాహ్నం, పిల్లలు పడుకున్నాక ఇద్దరూ దాన్ని ముందు పెట్టుకోండి. "నాకెందుకు చెప్పలేదు" అని మొదలుపెట్టకండి. "మనిద్దరం కలిసి చూద్దాం" అనండి. ఆయన అకామా రెన్యువల్ ఎప్పుడో అడగండి. ఇప్పుడు ఏడాదికి ఒకేసారి కట్టక్కర్లేకుండా మూడు నెలలకోసారి రెన్యువల్ చేసే వీలుంది, కంపెనీ ఒప్పుకుంటే. ఎటూ తేల్చుకోలేని ఈ సమయంలో ఏడాది డబ్బు ముందే కట్టకుండా ఉంటే తల మీద బరువు కొంత తగ్గుతుంది.

ఇక ఆ మెట్రో స్టేషన్. రియాద్ మెట్రో 2024 డిసెంబరు 1న మొదలైంది. మొత్తం ఆరు లైన్లు, 85 స్టేషన్లు. మామూలు టికెట్టు 4 రియాళ్ళు, రెండు గంటలు తిరగొచ్చు. ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కడానికి ఫ్యామిలీ క్లాస్ వేరే ఉంటుంది. డ్రైవరుతో మాట్లాడక్కర్లేదు, అరబ్బీ రాకపోయినా పర్వాలేదు, స్టేషన్ పేర్లు ఇంగ్లీషులోనూ ఉంటాయి. నల్ల అబాయా తప్పనిసరి అన్న రోజులు పోయాయి, ఒంటినిండా ఉండే చుడీదారు చాలు. మొదటిసారి మీవారితో వెళ్ళండి. ఏ గేటు, కార్డు ఎక్కడ ఆనించాలి, ఎక్కడ దిగాలి అన్నీ ఆయన చూపించకుండా మీరే చెయ్యండి, ఆయన వెనక నిలబడాలి. రెండోసారి మీరూ బాబూ వెళ్ళండి. నీలం లైను ఒలయా మీదుగా బత్హా దాకా వెళ్తుంది. బత్హాలో మనవాళ్ళ దుకాణాలు చాలా ఉంటాయి, కరివేపాకు కట్ట, ములక్కాడలు మీ చేత్తో ఏరి తెచ్చుకోండి. కరివేపాకు ఇంటి దగ్గరా దొరుకుతుందని నాకు తెలుసు. ఏరుకోవడం కోసమే వెళ్ళమంటున్నాను.

కారు నడపడం కూడా ఆలోచించండి. 2018 జూన్ 24 నుంచి అక్కడ ఆడవాళ్ళకి డ్రైవింగుకి అనుమతి ఉంది, మన దేశపు ఆడవాళ్ళూ లైసెన్సు తీసుకుంటున్నారు. దానికి డబ్బు, సమయం పడతాయి, ఆ ఊరి రోడ్ల మీద వేగమూ ఎక్కువే. కొద్ది నెలల్లో వచ్చేద్దామనుకుంటే ఇది దండగ. రెండు మూడేళ్ళు ఉండేలా ఉంటే మాత్రం మొదట చెయ్యాల్సిన పనుల్లో ఇదొకటి.

ఉద్యోగం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, "టీచింగ్ ఇక అయిపోయినట్టే" అని. అంత తొందర వద్దు. డిపెండెంట్ అకామా మీద ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా పని చెయ్యకూడదు. కానీ ప్రైవేటు, ఇంటర్నేషనల్ స్కూళ్ళు అలాంటివాళ్ళని 'అజీర్' అనే పని అనుమతి మీద టీచర్లుగా తీసుకునే దారి ఉంది. దానికి మీ డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లకి అటెస్టేషన్ కావాలి. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పందంలో (ఒక దేశం ముద్ర వేసిన కాగితాల్ని మిగతా సభ్య దేశాలు ఒప్పుకునే ఏర్పాటు) ఉంది కాబట్టి ఎంబసీ చుట్టూ తిరిగే పని తగ్గింది. కానీ ఆ కాగితాలు కదిలించాల్సింది ఇండియాలోనే. మీ తమ్ముడి చేత ఇప్పుడే మొదలుపెట్టించండి. ఉన్నా, వచ్చేసినా అవి పనికొచ్చేవే. ఇంట్లో ట్యూషన్లు చెప్పమని పక్కింటివాళ్ళు అడిగారని రాశారు. పిల్లలు, లెక్కలు, సాయంత్రం, వినడానికి బాగుంటుంది. కానీ డబ్బు తీసుకుంటే అనుమతి లేని పని కిందకొస్తుంది. పట్టుబడితే ఇబ్బంది మీవారి ఉద్యోగం దాకా వస్తుంది. దానికి దూరంగా ఉండండి.

పాప గురించి. బాబు వయసుకి ఇల్లంటే అమ్మ ఉన్నచోటు, వాడు సర్దుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లకి స్నేహితురాళ్ళున్నారు, నానమ్మ మంచం ఉంది, తన బెంచీ ఉంది. వాటి కోసం బెంగ పెట్టుకుంది. ఆ గడియారాన్ని మార్చమని బలవంతం చెయ్యకండి. రియాద్‌కీ ఇండియాకీ ఉన్న రెండున్నర గంటల తేడాని పాప వేళ్ళ మీద లెక్కేసి చెప్పగలిగితే "ఇప్పుడు నానమ్మ ఏం చేస్తుంటుంది" అని అడగండి. అది మాటల్లోకి వస్తుంది. మీరు కూడా ఊరి మీద బెంగ పెట్టుకున్నారని దానితో చెప్పండి. మీరు బాత్రూములో ఏడ్చి కళ్ళు కడుక్కుని వస్తే పిల్లకి తెలియదనుకుంటున్నారు, టేబుల్ కింద కూర్చున్నవాళ్ళకి అన్నీ వినపడతాయి.

క్లాసంతటితో స్నేహం అక్కర్లేదు, ఒక్క పిల్ల చాలు. పాపతో కాస్త మాట కలిపే పిల్ల ఎవరో క్లాసు టీచరుని అడిగి, ఆ అమ్మాయి వాళ్ళమ్మకి ఫోన్ చేసి, ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికి పిలవండి. నవంబరు వచ్చేసరికి వాది హనీఫా లోయలోనూ పార్కుల్లోనూ కుటుంబాలు చాపలేసుకుని కూర్చుంటాయి. జనవరి రాత్రుళ్ళు పదీ పదకొండు డిగ్రీలకి దిగి స్వెట్టర్లు తీయాల్సొస్తుంది. ఎడారిలో చలి పుడుతుందంటే పిల్లలకి భలే వింత. ఒకవేళ పాప తిండి, నిద్ర తగ్గినా, బడికి వెళ్ళనని పొద్దున్నే కడుపునొప్పి వస్తున్నా, అది నెల రోజులు దాటితే పిల్లల డాక్టరుకి చూపించండి. "అలవాటైపోతుందిలే" అని వదిలెయ్యొద్దు.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్న. నాకు కనపడే దారులు ఇవి.

వెంటనే వచ్చేయడం ఒకటి. మీ మనసు రేపటికి తేలికవుతుంది, అత్తగారు సంతోషిస్తారు. కానీ చదువు మధ్యలో పాప రెండోసారి బడి మారాలి. ఆరు నెలల్లో రెండు వేర్లు తెంపినట్టవుతుంది. ఫైనల్ ఎగ్జిట్ (అకామా రద్దు చేసుకుని వచ్చేయడం) కొట్టించుకుని వస్తే ఫీజు ఆగుతుంది, మళ్ళీ వెళ్ళాలంటే కొత్త వీసా, మెడికల్, స్టాంపింగ్ అన్నీ మొదటి నుంచి. ఎగ్జిట్ రీఎంట్రీ (వెళ్ళి తిరిగి వచ్చే అనుమతి) మీద వస్తే దారి తెరిచే ఉంటుంది, రెండు నెలలకి 200 రియాళ్ళు, ఆపైన నెలకి 100. కానీ అకామా నడుస్తున్నంత కాలం డిపెండెంట్ ఫీజు కూడా నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో గొడవ పడి, మాట తేలకుండా వచ్చేస్తే ఆ "నీ ఇష్టం" అన్న మాట మీ ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి ఉండిపోతుందని నా భయం.

మార్చి దాకా ఉండి అప్పుడు తేల్చుకోవడం ఇంకోటి. అక్కడి మన స్కూళ్ళకి ఏప్రిల్‌లో కొత్త క్లాసు మొదలవుతుంది. మార్చిలో టీసీ తీసుకుంటే సీబీఎస్‌ఈ నుంచి సీబీఎస్‌ఈకి పిల్ల సజావుగా మారుతుంది. ఈలోపు మీకు అయిదు నెలల మంచి వాతావరణం, పైన చెప్పినవన్నీ చేసి చూసే సమయం దొరుకుతాయి. అయితే "చూద్దాం" అంటూ ఊరికే గడిపేస్తే ఉపయోగం లేదు. ఏవి మారితే ఉంటారో మీరే మూడు విషయాలు రాసి మీవారికి ఇవ్వండి. వారానికి రెండు రోజులు ఒంటరిగా బయటికి వెళ్ళడం, ఇంటి ఖర్చు మీ చేతిలో ఉండటం, పాపకి ఒక స్నేహితురాలు, ఇలా కంటికి కనపడేవి రాయండి. మార్చిలో చూస్తే జరిగాయో లేదో ఇద్దరికీ తెలిసిపోతుంది.

మూడోది, మీరు ముగ్గురూ కాకినాడలో ఉండి విజిట్ వీసా మీద వచ్చిపోవడం. చాలా కుటుంబాలు ఇలాగే నడుపుతున్నాయి. డిపెండెంట్ ఫీజు ఉండదు, మీ ఉద్యోగం మీకుంటుంది. పిల్లలకి నాన్న మళ్ళీ సెలవుల మనిషి అవుతాడు. ఏ కారణంతో మీరు బయల్దేరారో అది అలాగే మిగిలిపోతుంది. దానికి మీరిద్దరూ మనస్ఫూర్తిగా సిద్ధపడితే అందులో తప్పేమీ లేదు.

ఆయనే వచ్చేయడం గురించి మీరు ఎక్కడా రాయలేదు. బహుశా అడగడానికి భయమేమో. ఈ నెల వద్దు గానీ, ఎన్నేళ్ళు అక్కడ అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందే. పాప పన్నెండో క్లాసు అయ్యాక కాలేజీకి ఎలాగూ చాలామంది ఇండియాకే వస్తారు. ఇంకో మూడేళ్ళా, ఏడేళ్ళా అన్న అంకె ఒకటి తెలిస్తే అత్తగారికి కూడా చెప్పొచ్చు.

నన్నడిగితే నా మొగ్గు రెండో దారి వైపు. ఒక్క ఎండాకాలమే చూసి, ఇంత దిగులుతో తీసుకున్న నిర్ణయం మీద నాకు నమ్మకం తక్కువ. కానీ ఆ ఇంట్లో ఉండేది మీరు. రోజురోజుకీ దిగులు పెరిగి, పొద్దున లేవాలనిపించక, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే మార్చి దాకా ఆగొద్దు. ఆ రోజే మీవారికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అవసరమైతే మొదటి విమానం ఎక్కండి. రియాద్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానాలున్నాయి.

అత్తగారికి ఇప్పుడు రాత్రిపూట, మీవారు వచ్చాక ఫోన్ చేస్తున్నారు. రియాద్‌లో ఏడున్నరంటే కాకినాడలో పది, ఆవిడ నిద్రలో ఉంటారు, అందుకే మాట "ఎప్పుడొస్తారు" దగ్గరే ఆగిపోతోంది. శుక్రవారం పొద్దున పిల్లలు లేచాక చెయ్యండి. పాప చేత స్కూల్లో నేర్చుకున్న అరబ్బీ అంకెలు చెప్పించండి. ఈ చలికాలంలో ఆవిడే విజిట్ వీసా మీద రెండు నెలలు రావడం కుదురుతుందేమో కూడా చూడండి. వస్తే ఊరగాయలు తెమ్మనండి గానీ, మసాలా డబ్బాలో గసగసాలు ఒక్క గింజ కూడా లేకుండా చూసుకోమనండి. సౌదీలో అవి నిషిద్ధం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే పెద్ద కేసవుతుంది. ఆవిడకి బయల్దేరేముందు ఇంకోసారి గుర్తుచెయ్యండి.